బానా వింటేనే లేచే దేవుడు

దుర్గ్ దగ్గరి నందిని గనుల కాలనీలో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం సైరన్ కూస్తే నా చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోయేది. కూత అయిన కాసేపటికి నేల అదిరేది. గూట్లో గిన్నెలు గలగలమనేవి, బీరువా అద్దం మీద తెల్లటి సున్నపురాయి దుమ్ము దిగేది. పొద్దున్న తుడిచిందే మళ్లీ తుడవాలి. తొంభైల మొదటి సంవత్సరాలన్నీ నాకు ఆ తుడుపుగానే గుర్తున్నాయి.

ఆ రాళ్లు పేల్చేది మా ఆయనే. విజయనగరం నుంచి వచ్చి బ్లాస్టింగ్ పనిలో చేరాడు. పేలుళ్ల మధ్య బతికి బతికి చెవులు సగానికి సగం పోయాయి. ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి. అరిచే ఓపిక లేక చాలా సంగతులు చెప్పకుండానే వదిలేసేదాన్ని.

మా ఇంట్లో అంట్లు తోమే బాయి గోండుల మనిషి. గని పక్క ఊరే వాళ్లది. సైరన్ కూయగానే ఆవిడ గిన్నె పక్కనపెట్టి అరచెయ్యి నేలకు ఆనించేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను. మొదట్లో అంతా నీళ్లేనట. వాళ్ల పెద్దదేవుడు వానపాము చేత కాస్త మట్టి కక్కించి, దాన్ని సాలెగూడు మీద పలచగా పరిచాడట.

"ఇప్పటికీ అంత పలచనే దీదీ. అదిరినప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలి," అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత సైరన్ కూసినప్పుడల్లా నా అరికాళ్లకు కూడా నేల పలచగానే తగిలేది.

ఒక వేసవిలో ఆవిడ అంట్లు ముట్టకుండా వచ్చి గుమ్మంలో కూర్చుంది. గని వాళ్ల ఊరి వైపు పెరుగుతోంది. పేల్చబోయే హద్దుకు కొత్తగా పాతిన ఎర్రజెండాల లోపలికి వాళ్ల సాజా చెట్టు వచ్చింది. మనం నల్లమద్ది అంటాం. వాళ్ల దేవుడు ఉండేది ఆ చెట్టులోనే.

"ఆయన మొండివాడు కాదు దీదీ. లేపి చెప్తే ఇంకో సాజాలోకి వస్తాడు. నిద్రపోతున్నవాణ్ణి ఎలా తీసుకుపోతాం?"

లేపాలంటే బానా వాయించాలి. కమానుతో వాయించే మూడు తీగల వాయిద్యం అది. ఎవరు పడితే వాళ్లు వాయిస్తే కుదరదు. తరతరాలుగా వాళ్ల వంశాన్ని పాడుతున్న ఇంటివాడే రావాలి. ఆ పెద్దాయన మండ్లా వైపు ఉంటాడు, కోతలయ్యాకే తను పాడే ఇళ్లన్నీ తిరుగుతూ వస్తాడు. కబురు పంపితే జ్వరంతో మంచం మీద ఉన్నాడని తెలిసింది. కోతల దాకా ఆగమని భయ్యాతో చెప్పు, అని బతిమాలింది.

మా ఆయనకు అరిచి చెప్పాను.

"నానేటి సేస్తానే? గీత గీసింది ఆఫీసరు. ఆపడానికి ఏటో ఒక కారణం ఉండాల గదా," అన్నాడు.

అలా అంటూనే ఆ మూల ముట్టకుండా, అవతలి పక్కనే పేలుస్తూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఊరివాళ్ల పూజ కాలేదని పైవాళ్లకు చెప్పాడు, తిట్లు తిన్నాడు.

ఈలోగా మా తెలుగువాళ్ల భజన బృందానికి జాలి పుట్టింది. మనకు పురోహితుడు దొరక్కపోతే పక్క వీధి పురోహితుణ్ణి తెచ్చుకోమా? అలాగే అనుకున్నారు పాపం. దుర్గ్ స్టేషన్ దగ్గర సారంగి వాయించుకుంటూ తిరిగే ఒకతన్ని పట్టుకొచ్చారు. చెట్టు కింద జంపఖానా పరిచి కొబ్బరికాయ కొట్టారు. అతను ఎంతో బాగా వాయించాడు. బాయి తల మీద కొంగు కప్పుకుని చివరిదాకా కూర్చుంది, లేచి అతని జోలెలో బియ్యం పోసింది. మావాళ్లు తృప్తిగా టీలు తాగారు.

తిరిగొస్తుంటే నాతో మెల్లగా అంది, "లేవలేదు దీదీ. ఆ చెయ్యి ఆయనకు తెలీదు."

"మరి వాళ్లతో చెప్పలేదేం?"

"అంత ప్రేమగా తెచ్చారు కదా."

నేను ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పేలోపే భజన బృందం పెద్దలు ఆఫీసులో చెప్పేశారు, పూజ బ్రహ్మాండంగా జరిగిందని, దేవుడు లేచి వెళ్లిపోయాడని. మా ఆయన చేతిలో ఉన్న ఒక్క కారణమూ పోయింది. వానలకు ముందే ఆ మూల పేలింది.

ఆ రోజు కూడా బాయి పనికి వచ్చింది. అరచెయ్యి నేలకు ఆనించి ఎంతసేపటికీ తీయలేదు. నాకు కోపం వచ్చింది. మంచి మనసుతోనే చేశారు, ఎవరినని తిట్టను? అద్దం తుడవకుండా పడుకున్నాను.

కోతలయ్యాక పెద్దాయన వచ్చాడు, దగ్గుతూ, కర్ర ఊనుకుంటూ. చెట్టు ఉండాల్సిన చోట గొయ్యి. ఆ గొయ్యి గట్టు మీదే కూర్చుని బానా ఒళ్లో పెట్టుకున్నాడు. ఆదివారం కాబట్టి మా ఆయన కూడా నాతో వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ వాయింపు నా చెవికి సారంగి అంత తీయగా లేదు. ఊపిరి అందని మనిషి మాట్లాడుతున్నట్టుంది. మా ఆయనకు అదీ వినపడదు, కమాను ఆడటం చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి బాయి గట్టు మీద అరచెయ్యి ఆనించి ఏడవడం మొదలుపెట్టింది.

"లేచినాడంతాదా?" అన్నాడు మా ఆయన.

నేను బాయిని అడిగాను.

"లేచాడు దీదీ. నా చెట్టేదని అడుగుతున్నాడు."

"ఏటంతాంది? ఏటంతాందే?" అని మా ఆయన నా భుజం తడుతూనే ఉన్నాడు. ఆ ఒక్క మాటా నేను అరిచి చెప్పలేకపోయాను.