పంతొమ్మిది విశ్రాంతి రోజులు

ఒహాయో నది ఒడ్డున, హైవే పక్కనున్న హోటల్లో వెర్నా స్టకీ పాతికేళ్ళుగా ఆపిల్ పైలు చేస్తోంది. కూతురు చనిపోయాక మనవరాలు టామ్సిన్‌ను అరవై ఒకటో ఏట ఒంటిచేత్తో పెంచుతోంది. టామ్సిన్‌కు పన్నెండేళ్ళు, ఆటిజం. నదిలో వెళ్ళే బొగ్గు పడవలను దూరం నుంచి చూసే పేరు చెప్పేస్తుంది. హఠాత్తుగా పెద్ద మోత వినబడితే మాత్రం ఒళ్ళు తెలియదు.

బడి ప్రిన్సిపాల్ ప్రూయిట్ గారిది తేనెలాంటి గొంతు. నెలకు మూడు నాలుగు సార్లు ఆ తేనె ఫోన్లో కారేది.

"వెర్నా గారూ, పాప ఇవాళ కాస్త చిరాగ్గా ఉందండీ. ఇంటికి తీసుకెళ్తే హాయిగా ఉంటుంది."

"సస్పెండ్ చేస్తున్నారా సార్?"

"అయ్యయ్యో, అంత మాటా! విశ్రాంతి అంతే."

వెర్నా ఏప్రాన్ విప్పి పరుగెత్తేది. ఆఫీసులో పుస్తకం మీద సంతకం పెట్టి పిల్లను తెచ్చుకునేది.

ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం డ్రిల్లు చేశారు. గంట మోగగానే టామ్సిన్ బూటు తీసి ఆ గంట మీదికి విసిరింది. అది గంటకు తగలకుండా ప్రూయిట్ గారి నుదుటికి తగిలింది. మర్నాడే నోటీసు: ఏడాది పూర్తయ్యేదాకా టామ్సిన్ నలభై మైళ్ళ అవతలి వేరే బడికి వెళ్ళాలి. ఆ లోపల, వారం రోజుల్లో ఒక సమావేశం.

తల్లిదండ్రుల హక్కుల పుస్తకాన్ని బడివాళ్ళు ఏటా ఇచ్చేవారు. చదవడానికి కాదు, ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోవడానికి. ఓవెన్లో పైలు కాలే లోపల వెర్నా ఆ నలభై పేజీలూ మొదటిసారి చదివింది. ఇలాంటి పిల్లలను ఏడాదిలో పది రోజులకు మించి బడికి దూరం చేస్తే, పిల్ల చేసిన తప్పు వైకల్యం వల్ల జరిగిందా లేదా అని కూర్చుని తేల్చాలట. పిల్ల కోసం రాసుకున్న ప్రణాళికను బడి పాటించకపోయినా శిక్ష చెల్లదట. ప్రూయిట్ గారికి చట్టమంటే ఎంత గౌరవమంటే, దానికి పని పడకుండా ఇన్నాళ్ళూ జాగ్రత్త పడ్డారు.

వెర్నా రికార్డులు కావాలని రాసిచ్చింది. తనకేం కావాలో అందులో స్పష్టంగా రాసింది: ఆఫీసు సంతకాల పుస్తకం.

సమావేశంలో బల్లకు అటువైపు ఆరుగురు, ఇటువైపు వెర్నా ఒక్కతే. మధ్యలో, ఆవిడ ఏడుస్తుందని కాబోలు, టిష్యూల డబ్బా.

"గురి చూసి కొట్టిందండీ," అన్నారు ప్రూయిట్ గారు నుదురు తడుముకుంటూ. "గురి ఉందంటే ఉద్దేశం ఉన్నట్టే. వైకల్యానికీ దీనికీ సంబంధం లేదు."

"ఎదురుగా వచ్చిన బంతిని కూడా పట్టుకోలేదని అక్టోబరు రిపోర్టులో మీరే రాశారు కదా సార్. నాలుగు నెలల్లో అంత గురి నేర్పారా? సంతోషం."

ఎవరో దగ్గు మింగారు.

"పిల్ల ప్రణాళికలో ఆరో పేజీ తీయండి. గంట కొట్టే ముందు పిల్లకు చెప్పాలని మీ అందరి సంతకాలతో ఉంది. ఆ రోజు ఎవరు చెప్పారు?"

"ముందే చెబితే అది డ్రిల్లెలా అవుతుందండీ? ఎవరికీ తెలియకూడదు."

"మాకు పొద్దునే మెయిల్ పంపారు కదా సార్," అంది క్లాసు టీచరు లండీ, ఎంతో అమాయకంగా.

అప్పుడు వెర్నా సంతకాల పుస్తకం నకళ్ళు బల్ల మీద పరిచింది. పంతొమ్మిది సంతకాలు. బడి లెక్కలో ఇంటికి పంపింది రెండు రోజులు!

"మిగతా పదిహేడు రోజులూ నా మనవరాలు ఏం చేసి అంత అలిసిపోయిందో చెప్పండి సార్."

అటువైపు ఆరుగురూ తలలు దగ్గర చేర్చారు. గంటసేపు గుసగుసలాడి తేల్చారు: ప్రణాళిక పాటించని తప్పు బడిదే. టామ్సిన్ ఇక్కడే చదువుతుంది. పోయిన పాఠాలను బడే ఖర్చు పెట్టి చెప్పిస్తుంది. క్షమించమని ఎవరూ అనలేదు. లేచేటప్పుడు మాత్రం, "మేమంతా పిల్లల పక్షమేనండీ," అన్నారు ప్రూయిట్ గారు.

"తెలుసు సార్. అందుకే ఆరుగురూ అటు కూర్చున్నారు."

నెల తిరక్కుండానే ఆయన కొత్త ఫారం అచ్చు వేయించారు. "విశ్రాంతి కోసం పిల్లను తీసుకెళ్తున్నాం" అని తల్లిదండ్రులే కోరినట్టు ఉంటుంది. ఆ ఫారాలు పట్టుకుని ఇద్దరు తల్లులు హోటల్‌కొచ్చారు. వెర్నా చేతులు తుడుచుకుని, వాళ్ళకు చెరో ఆపిల్ పై ముక్క వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"పెన్నులు లోపల పెట్టేయండమ్మా. ముందు తినండి."