నవ్విన చోట పలచబడిన నేత

కొత్త చీర మడత విప్పగానే వచ్చే గంజి వాసన నాకు ఇప్పటికీ ఒక మనిషిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. మొన్న మనవరాలు నారాయణపేట చీర కొనుక్కొచ్చి నా ఒళ్ళో పరిచింది. రంగు బాగుందా అని అడిగింది. నేను రంగు చూడలేదు. కళ్ళు మూసుకుని చూపుడువేలితో అంచు వెంట తడుముకుంటూ పోయాను. "ఏం దేవులాడుతున్నవ్ అవ్వా?" అంది. ఏం చెప్పను? మా పెద్దత్త మల్లమ్మ అయితే ఈ చీర నేసినవాడు ఎక్కడ నవ్వాడో వేలితో చెప్పేది.

మల్లమ్మ మా మామగారికి వదిన. భర్త పోయాడు, పిల్లల్లేరు. నేను అరవైల మొదట్లో మక్తల్ నుంచి నారాయణపేటకు కోడలిగా వచ్చేనాటికి ఆమెకు చూపు సగం తగ్గింది. మా అత్తగారు అంతకుముందే పోవడంతో ఇల్లు నడిపేది ఆమే. ఇంట్లో మూడు మగ్గాలు. ఒకటి మామగారిది, ఒకటి మా ఆయనది, ఒకటి మరిదిది. ఆడవాళ్ళం ఇద్దరం రాట్నాల దగ్గర కూర్చుని నూలు కండెలకు చుట్టి ఇవ్వాలి. కండె అందకపోతే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే మామగారి గొంతు లేస్తుంది. అందుకని ఆ ఇంట్లో నా చేతులకు తీరిక ఉండేది కాదు, నోటికి పని ఉండేది కాదు.

నేను ఏడో తరగతి చదివాను. ఆ రోజుల్లో ఒక వారపత్రికలో ఓ హాస్య ధారావాహిక వచ్చేది. అందులో ఒక వకీలు, అతని వంటవాడు. వంటింట్లో పప్పు కలుపుతూ వంటవాడు సలహాలిస్తాడు, ఆ సలహాలు నమ్మి వకీలు ప్రతి కేసూ ఓడిపోతాడు. పెళ్ళికి ముందునుంచీ నాకది ప్రాణం. బుధవారం బస్సులో పత్రిక వస్తే నూలు బుట్ట వెనక దాచుకుని చదివేదాన్ని. ఒకసారి నవ్వు ఆపుకోలేక పెద్దత్తకు దొరికిపోయాను. తిడుతుందనుకున్నాను.

"ఏందే పిల్లా, నీలోన నువ్వే నవ్వుకుంటున్నవ్? గట్టిగ సదువు, మేం గూడ నవ్వుతం."

"మరి కండెలు ఎవలు చుడ్తరు పెద్దత్తా?"

"నాకు చేతుల్లేవా? బుధారం బుధారం ఒక్క గంట నువ్వు సదువు. నీ వంతు నేను చుడ్త."

అలా వారానికి ఒక గంట నాదైంది. మూడు మగ్గాల మధ్య నిలబడి గొంతెత్తి చదివేదాన్ని. పొద్దస్తమానం తల వంచుకు తిరిగే కొత్త కోడలు ఆ గంటసేపు తల ఎత్తేది. నవ్వుతున్న మనిషి అడ్డపోగును బిగించి కొట్టలేడు. ఆ నాలుగు పోగుల మేర నేత పలచబడుతుంది. కొనేవాళ్ళ కంటికి అది ఆనదు. పెద్దత్త వేలికి ఆనేది. మగ్గం మీంచి చీర దిగగానే ఒళ్ళో వేసుకుని తడిమి, "ఈడ నవ్విన్రు. ఈడ మస్తు నవ్విన్రు" అనేది. మామగారికి ఒళ్ళు మండేది. "నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊకెనే అన్నరా వదినా?" అంటే, "అయితే అయింది తియ్యి, మనుషులు నేసిన బట్ట అనిపిస్తున్నది" అని మడత పెట్టేసేది.

రెండేళ్ళు గడిచాక ఆ ధారావాహిక నాకు రుచించడం మానేసింది. ఫలానా వారం అని చెప్పలేను. పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరా అన్నట్టు వంటవాడు అదే పప్పు ఒలకబోస్తాడు, వకీలు అందులోనే జారిపడతాడు. నవ్వు ఎక్కడ రావాలో పేజీ తిప్పకముందే తెలిసిపోయేది. ఒకప్పుడు బస్సు హారన్ వింటే గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని, ఇప్పుడు పత్రిక ఇంటికి వచ్చినా పొయ్యి దగ్గరే ఉండిపోయేదాన్ని. మగ్గాల మీద మగవాళ్ళు మర్యాదకు "ఊఁ" కొట్టేవాళ్ళు. నేనొక్కదాన్నే నవ్వేదాన్ని, అదీ దొంగనవ్వు. బాగాలేదని ఒప్పుకుంటే ఆ గంట పోతుంది. అదే నా భయం. పెద్దత్త మణికట్టు వాచి, రోజూ ఆముదం రాసుకుంటూ, నా వంతు కండెలు చుడుతూనే ఉంది. చూస్తూ కూడా చదివాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక బుధవారం చదువుతూ చదువుతూ పత్రికలో లేనిది చెప్పాను. కథలో వకీలు భార్య పేరుకే ఉండేది. ఆమె చేత నోరు తెరిపించాను. మక్తల్ సంతలో గొర్రెను బేరమాడినట్టు కచేరీలో జడ్జీని బేరమాడించాను. మరిది అడ్డపోగు నడిపే నాడె వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. ఇంకేం, మూడు వారాలు అదే పని చేశాను.

నాలుగో వారం మా ఆయన మగ్గం మీంచి చీర దిగింది. మగవాళ్ళు అన్నానికి లేచారు. పెద్దత్త వేలు ఒకచోట ఆగింది.

"శానా దినాలకు నవ్విన్రే ఈడ."

"అవు పెద్దత్తా, మల్ల మంచిగ రాస్తున్నడు."

"గాయన్నే రాస్తున్నడా? రెండేండ్ల సంది నోరిప్పని వకీలు పెండ్లాం మూడు వారాలల్ల గింత గయ్యాళి ఎట్లైంది?"

దొరికిపోయిన కోపమంతా ఆ రాసినాయన మీదికి మళ్ళింది. "వాడే ఖరాబ్ చేసిండు పెద్దత్తా! మొదటిసంది గదంత పిచ్చి రాతే" అన్నాను.

"గట్ల అనకు. మనం నవ్వింది అబద్ధమా? అప్పుడు నచ్చింది. ఇప్పుడు నచ్చుతలేదు. గీ రెండు మాటలు అందరి ముంగట చెప్పు, ఇడిసిపెట్టు. నీ మాటను ఇంకొకల పేరు మీద ఎందుకు చెప్తవ్?"

వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు. కానీ చెప్పాలనే నిశ్చయించుకున్నాను. బుధవారం పత్రిక మూసి పట్టుకుని మగ్గాల మధ్య నిలబడ్డాను. "గిది నాకు ప్రాణం లెక్క ఉండె. ఇప్పుడు నచ్చుతలేదు. ఇగ సదవను" అన్నాను. మూడు నాడెలూ ఆగాయి. ముందుగా మామగారే తేరుకున్నారు.

"మరి గా వకీలు పెండ్లాం ఏమైతది?"

"గామె మాటలన్ని నేనే పుట్టిచ్చిన మామా."

మా ఆయన నా వంక ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నేను పత్రిక గూట్లో పెట్టి నా రాట్నం దగ్గరికి నడిచాను. గంట పోయింది, పోతే పోయింది, పెద్దత్త చేతులకైనా విశ్రాంతి దొరుకుతుంది అనుకున్నాను. కూర్చోబోతుంటే పెద్దత్త నా నూలు బుట్టను తన వైపు లాక్కుంది.

"ఎందుకు కూసుంటున్నవ్?"

"సదివేటిది లేదు గద పెద్దత్తా."

"నేను నీ వంతు చుట్టింది వకీలు కోసమనుకున్నవా? పుస్తకం వద్దన్నవ్, మంచిగైంది. గంట వద్దన్నదెవరు? నిలబడు. నీది చెప్పు."

మళ్ళీ మగ్గాల మధ్యకు వెళ్ళి నిలబడి చెప్పాను. ఆ రోజు అంత బాగా రాలేదు. రెండో బుధవారం కొంచెం నయం.

పెద్దత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. తర్వాత తర్వాత నేను కథలు రాశాను, ఒక పత్రికలో నా వకీలు భార్య చాలాకాలం తిరిగింది. ఒకరోజు ఆమె మాట రాస్తూ నాకే నవ్వు రాలేదు. ఆమె నోరు తెరవకముందే ఏమంటుందో నాకు తెలిసిపోతోంది. పాఠకులు ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. సంపాదకుడు ఇంకొక్క ఏడాది లాగించమన్నాడు. ఆయనకు అవే రెండు మాటలు రాసి పంపాను: అప్పుడు నచ్చింది, ఇప్పుడు నచ్చడం లేదు. తిట్టుకోలేదు, ఏడవలేదు. బుధవారం వచ్చింది. చేతిలో కథ లేదు. అయినా ఆ గంటకు ఇంట్లో ఎవరినీ ఏ పనీ చెప్పనివ్వకుండా తెల్లకాగితం ముందు కూర్చున్నాను.