పొయ్యి బయట పెట్టించింది నేనే

నర్సు ఉద్యోగం కాబట్టి ఈ రోజు కూడా చింతపల్లి పక్క కొండ మీది ఊళ్లో ఇంటింటికీ తిరిగాను. ఒక స్లాబు ఇంట్లో ఆరేళ్ల పాప మంచం మీద కూర్చుని ఊపిరి అందక పిల్లికూతలు పెడుతోంది. మంచం ఆనించిన గోడంతా నల్లటి బూజు. చలి రాకుండా కిటికీకి పాత ఫ్లెక్సీ ఒకటి మేకులతో బిగించేశారు. వానకి ఆరని కాఫీ గింజలు ఆ గదిలోనే పరిచారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంత చెమ్మలో పిల్లని పడుకోబెడతారా? ఆ బూజు పీల్చే దీనికి ఈ ఆయాసం!" అని అరిచాను.

పాప నాయనమ్మ నా వైపు చూసి నెమ్మదిగా అంది:

"లోపల పొయ్యి మండినన్నాళ్లూ గోడలు పొడిగానే ఉండీవి సిస్టరమ్మా. పొగ ఈ గుంటకి మంచిది కాదని సెప్పి, పోయినేడు నువ్వే కదా పొయ్యి బయటెట్టించినావు. ఆ వానల కాడ్నుంచే ఈ నలుపు."

పొగ చెడ్డదే, నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ పొయ్యి పోతే గోడ ఎలా ఆరుతుందో, పగలైనా కిటికీ ఎందుకు తెరవాలో ఆ రోజు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

పాపని జీపులో ఆసుపత్రికి పంపించి, కిటికీకి ఉన్న ఫ్లెక్సీ నేనే పీకాను. తిప్పి చూస్తే, పొగ లేని ఇల్లే ఆరోగ్యమని రాయించి నేను నిరుడు ఆ ఊరికి పంచిందే.

సగం సలహా చెప్పి వచ్చేసినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా? మిగతా సగం ఎవరు చెబుతారనుకున్నారు?