వద్దనలేని పేరు

ఉలాయుక్ తన కొడుకుని "నాన్నా" అని పిలిచేది. ముద్దుకు కాదు. ఆమె తండ్రి నాతాక్ వేటకెళ్లి మంచులో కలిసిపోయిన ఏడాదే వాడు పుట్టాడు. ఆ పేరే పెట్టారు. పేరుతోపాటు మనిషీ తిరిగొస్తాడని ఆ తీరంలో అందరి నమ్మకం. అందుకే వాణ్ని ఆమె ఏనాడూ కొట్టలేదు, ఏ పనీ వద్దనలేదు. కన్నతండ్రిని ఎవరు గదమాయిస్తారు?

ఆమె మొగుడి వేళ్లు చలికి రాలిపోయాయి. తమ్ముడు పడవతోపాటు పోయాడు. ఆ ఇంట్లోకి మాంసం ఎప్పుడూ ఊరికే రాలేదు.

ఆ శీతాకాలం సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది, మంచుమీద సీల్ వేటకు వీల్లేకపోయింది. విమానంలో వచ్చే కోడిమాంసం ఉలాయుక్‌కు సయించదు. ఒక పొద్దున, బూట్లు కుట్టడానికి తోలును పళ్లతో నమిలి మెత్తబరుస్తూ, "సీల్ కార్జం తిని ఎన్నాళ్లయిందో" అనేసింది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది.

కొడుకు నాతాక్ అప్పటికే లేచాడు. "నా కూతురు నోరు తెరిచి అడిగాక ఇంకా కూర్చుంటానా?"

"నీ కూతురికి పళ్లన్నీ అరిగిపోయాయి, ఏం నములుతుందట?" అంది అతని భార్య లీతియా. ఆమె నిండు చూలాలు.

"కార్జానికి పళ్లెందుకే, నాలుక చాలదూ!"

దూరాన ఆకాశం అంచు నల్లగా ఉంది. అంటే అక్కడ మంచు విచ్చుకుని నీళ్లు తేలాయి.

"నాన్నా, గాలి ఎటుందో చూశావా?" అంది ఉలాయుక్. అంతకుమించి అనలేకపోయింది.

"చూశాలే అమ్మాయ్."

లీతియా ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, వద్దనండి. మీరంటే ఆగుతాడు!"

"మా నాన్నకి నేను చెప్పేదాన్నా?"

మర్నాడు వెతకబోయినవాళ్లకు స్లెడ్జి మాత్రం దొరికింది. దానిమీద సీల్ కట్టేసి ఉంది. ముందున్న మంచును చూసిరావడానికి, స్లెడ్జిని లాగే మోటారుబండిని విప్పుకుని వెళ్లినట్టున్నాడు. దాని జాడ నీళ్ల దగ్గర ఆగిపోయింది.

సీల్‌ను తెచ్చి వంటగదిలో అట్టలమీద పడుకోబెట్టారు. ఉలాయుక్ ఆచారం ప్రకారం దాని నోట్లో మంచినీళ్లు పోసి, తనే కోసింది. వాటాలకొచ్చిన ఇరుగుపొరుగు చెయ్యి చాపలేదు.

"తినండర్రా. మీరు తినకపోతే వాడు ఎందుకు పోయినట్టు?"

కార్జం ఆమె ముందు పెట్టారు. తిన్నది. రుచిగానే ఉంది. దాన్నే ఆమె తట్టుకోలేకపోయింది.

మంచు కరగకముందే లీతియా మగబిడ్డను కన్నది. పక్కింటి ముసలమ్మ తాగుర్నాక్ వంగి, "వచ్చావా, నాతాక్..." అనబోయింది. ఉలాయుక్ అడ్డుపడింది.

"ఆ పేరు వద్దు."

"నీకేమైనా పిచ్చా? పేరివ్వకపోతే పాపం పోయినవాడు చలిలో తిరుగుతుంటాడే!"

"తిరగనీ."

"మరి ఎవరి పేరు పెట్టమంటారత్తా?" అంది లీతియా.

"ఎవరిదైనా పెట్టుకో. వీణ్ని నేను వద్దనగలగాలి, అంతే."

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తమకు రావలసిన పేరుతో పిలిస్తే బిడ్డలు ఊరుకుంటారంటారు. ముసలమ్మ ఉలాయుక్ ముఖం చూసి, నోరు మూసుకుంది.