ఫర్నేస్ పక్కన ఏ నూనె పోయాలి

విజయవాడలో మా షెడ్డులో అల్యూమినియం కరిగించి మోటారు పంపుల భాగాలు పోతపోస్తాం. నేను చదివింది ఇంటర్ వరకే. మిషన్ల పుస్తకాలు తిరగేసి లెక్కలు నేర్చుకున్నాను. ఏ బేరింగ్ ఎప్పుడు మార్చాలో, ఏ నూనె కొనాలో చెప్పే పని నాది.

ఒక వేసవి పొద్దున, కరిగిన లోహాన్ని అచ్చులోకి నొక్కే డైకాస్టింగ్ మిషన్ పైపుకు సూదిమొనంత చిల్లు పడింది. మిషన్‌ను ఒత్తిడితో నడిపించే హైడ్రాలిక్ నూనె అందులోంచి మంచుతెరలా చిమ్మి, పక్కనున్న ఫర్నేస్, అంటే లోహం కరిగించే కొలిమి, మీద పడి భగ్గుమంది. స్విచ్ ఆపేసరికి ఆపరేటర్ చేతి మీద వెంట్రుకలన్నీ మాడిపోయాయి. ఒక కనుబొమ్మ సగం పోయింది. అతనిది మంగళగిరి. మగ్గం వదిలి మా దగ్గర చేరి పదకొండేళ్లు.

"మా ఆవిడ కాటుకతో గీసిస్తానందండీ," అని నవ్వాడు గాని, ఆ రోజంతా ఫర్నేస్ వైపు వీపు తిప్పలేదు.

"తొందరగా అంటుకోని నూనె ఏదో చూడండి. మిషన్ మాత్రం రెండు రోజులకు మించి ఆగకూడదు," అన్నారు ఓనర్ గారు.

నేను పట్టిక వేశాను. నూనె ఆవిరికి మంట అంటుకునే వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు. రకానికొకటి చొప్పున ఆ అంకెలన్నీ రాసి, రెండు వందల యాభై డిగ్రీలున్న నూనె కింద గీత గీశాను. పాతదానికన్నా నలభై ఎక్కువ. పైపులు, సీళ్లు ఏవీ మార్చక్కర్లేదు. మెచ్చుకుంటాడని ఆ కాగితం ఆపరేటర్‌కు చూపించాను.

"ఈ ఫర్నేస్‌లో లోహం ఎంత వేడండీ?"

"ఆరు వందల ఎనభై."

"మీ కొత్త నూనె?"

"రెండు వందల యాభై."

"అంటే కాలడం ఎలాగూ కాలతాను. కాస్త మర్యాదగా కాలతానంటారు."

నాకు నవ్వు రాలేదు. నూనెల్ని ఒకదానితో ఒకటి పోల్చాను గాని, అవి పడే చోటుతో పోల్చలేదు. పైగా ఆ అంకె గిన్నెలో ఉన్న నూనెకు కొలిచింది, తెరలా చిమ్మే నూనెకు కాదు.

మళ్లీ మొదటినుంచి చదివి, నీళ్లూ గ్లైకాల్ అనే రసాయనమూ కలిసిన ద్రవం దగ్గర ఆగాను. అందులో నూటికి నలభై పాళ్లు నీళ్లే. వేడి మీద చిమ్మితే ఆ నీళ్లు ఆవిరై మంటను లేవనివ్వవు.

"ఏమండీ, నీళ్లు పోసి పంపు అరగదీస్తారా?" అన్నారు ఓనర్ గారు.

"కొంత అరుగుతుందండీ. ఒత్తిడి తగ్గించి నడపాలి. పాత నూనె చుక్క మిగలకూడదు. ట్యాంకు లోపలి రంగు గీకించాలి, జింకు పూత ఉన్న జల్లెడ తీసెయ్యాలి, ఈ ద్రవానికి అవి పడవు. ఐదు రోజులు పడుతుంది."

ఆయన ఆఫీసు గది అద్దంలోంచి షెడ్డు వైపు, ఆ సగం కనుబొమ్మ వైపు చూశారు. "కానివ్వండి," అన్నారు.

ఈ ద్రవంతో ఒక చిక్కుంది. వేడికి నీళ్లు ఎగిరిపోతుంటాయి. ముప్పై అయిదు పాళ్లకన్నా తగ్గితే ఇదీ అంటుకోవచ్చు. అందుకని ప్రతి సోమవారం చిన్న గొట్టంలాంటి పరికరం అద్దం మీద రెండు చుక్కలు వేసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి, నీళ్లు ఎన్ని పాళ్లున్నాయో చూపే గీత చూసేవాణ్ని. తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ కలిపేవాణ్ని.

మే నెలలో మైలవరంలో పెళ్లికి వెళ్లి ఒక సోమవారం తప్పాను. మరుసటి సోమవారం చూస్తే ముప్పై ఒకటి. అద్దం తుడిచి మళ్లీ చూశాను. ముప్పై ఒకటే. నాలుగడుగుల దూరంలో ఆపరేటర్ గరిటెతో లోహం పోస్తున్నాడు.

చప్పుడు చెయ్యకుండా నీళ్లు కలిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. మిషన్ ఆపించి చెప్పాను.

"ఎన్ని రోజుల నుంచండీ?"

"తెలియదు. పోయిన వారం నేను చూడలేదు."

ఈసారి అతను హాస్యమాడలేదు. చేతులు తుడుచుకుని, "అదిటివ్వండి. ఎలా చూడాలో చెప్పండి," అన్నాడు.

నేర్పడానికి పావుగంట పట్టలేదు. నీళ్లు కలిపి, ద్రవం బాగా కలిసేదాకా తిప్పి, తనే చూశాడు. ముప్పై తొమ్మిది.

"మీరూ ఒకసారి చూడండి."

చూశాను. ఇద్దరికీ ఒకే అంకె వచ్చాకే వెళ్లి స్విచ్ వేశాడు.