సూది మీద పడ్డ నింద

రోడ్డు దిగి, సీట్లు కుట్టే కొనాడు అనే ఆమె షెడ్డు ముందు నుంచి వెళ్తే బాఫూర్ వర్క్‌షాపుకు రెండు నిమిషాల నడక. ఐదు రోజులుగా అతను ఆ దారి మానేసి, పాత టైర్ల గుట్టల వెనక నుంచి, గ్రీజు కలిసిన మురికినీళ్లు దాటుకుంటూ పావుగంట చుట్టి వస్తున్నాడు. ఆ బుధవారం పొద్దున కూడా అలాగే వచ్చాడు. ప్యాంటు అంచులు నల్లగా తడిసి ఉన్నాయి.

యాభై రెండేళ్ల మనిషి. కుమాసీ ఊళ్లో సువామే మేగజీన్ అంటే వేలమంది మెకానిక్కులు రేకుల కింద బళ్లు విప్పే పేట. అక్కడ ముప్పై ఏళ్లుగా కార్ల వైరింగ్ పనికి పేరున్నవాడు బాఫూర్. ఆ పేటలో ఎవరి పని వాళ్లదే. ఇంజను చూసేవాడు బ్రేకు ముట్టుకోడు, వైరింగ్ వాడు సూది పట్టడు. ఒక బండి నాలుగు చేతులు మారాక తప్పు ఎవరిదో తేల్చడం కష్టం. ఎవరి మీదికైనా తోసేయడం మాత్రం తేలిక.

పది రోజుల కిందట ఫ్రేమా మేడమ్ బండి తెచ్చింది. ఆమెది టోకు బట్టల వ్యాపారం. టెచిమాన్‌కైనా అక్రాకైనా తనే నడుపుకుంటూ తిరుగుతుంది. నడుము నొప్పి మనిషి. జర్మనీలో ఎవరో వాడి వదిలేసిన ఆ కారును కొన్నదే సీటు కోసం. బటన్ నొక్కితే సీటు లోపలి గాలి తిత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బి వీపును మర్దనా చేస్తాయి.

"నెల కిందట కొనాడు దగ్గర సీటు తోలు మార్పించాను. ఇప్పుడు బటన్ నొక్కితే గుయ్‌మంటుంది గానీ నడుము దగ్గర ఏమీ కదలదు," అంది.

"మీ బరువు చూసి జడిసి ఉంటుంది మేడమ్."

"నా బరువు సంగతి మా ఆయనే ఎత్తడు. నువ్వు వైర్లు చూడు."

గుయ్‌మంటోందంటే పంపు తిరుగుతోంది. పంపు తిరుగుతోందంటే కరెంటు వస్తోంది. ఇక చూడాల్సింది గాలి ఎటు పోతోందనే. బాఫూర్ మాత్రం అలవాటు కొద్దీ టెస్టు బల్బు తీశాడు. ఒక వైరు బ్యాటరీకి, ఇంకో వైరు చివర ఇనుప మొన, మధ్యలో బ్రేకు లైటు బల్బు. పాత బళ్లలో ఆ మొన తగిలించినప్పుడు బల్బు వెలిగిందంటే వైరు బాగున్నట్టే. కరెంటు కొలిచే మీటర్లు పట్టుకుని వచ్చే పనివాళ్లను చూసి, "డాక్టర్లు వచ్చారర్రా, బండికి జ్వరం చూస్తారు," అని అతను ఎగతాళి చేసేవాడు.

మర్దనాను నడిపే కంట్రోల్ పెట్టె సీటు కింద ఉంటుంది, అరచేయంత. అలాంటి పెట్టెలు బ్రేకు లైటు బల్బు పీల్చుకునేంత కరెంటును ఓర్చుకోలేవు. ఆ సంగతి అతను విని ఉన్నాడు. విని కూడా ప్లగ్గులో మొన గుచ్చాడు. బల్బు వెలిగింది. పెట్టె లోపల చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది. గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?" అని మేడమ్ అడిగింది.

"కుట్టేటప్పుడు సూది వైర్లలో దిగినట్టుంది. రెండు వైర్లు కలిసి పెట్టె కాలిపోయింది."

మాట నోట్లో ఉండగానే దాన్ని మింగేయాలనిపించింది. అప్పటికే మేడమ్ కొనాడుకు ఫోన్ చేస్తోంది.

శుక్రవారం నానా ట్వుమాసి బెంచీ దగ్గర పంచాయితీ జరిగింది. నానా ఆ వీధి పనివాళ్ల సంఘానికి పెద్ద. మేడమ్ వచ్చింది. చుట్టుపక్కల షెడ్ల వాళ్లు వచ్చారు. కొనాడు వాదిస్తుందని బాఫూర్ రాత్రంతా జవాబులు తయారుచేసుకున్నాడు. ఆమె వాదించలేదు.

"నా సూది పొట్టిది. సీటు ఫోము దాటి లోపలికి పోదనుకున్నాను," అంది. "కానీ బాఫూరన్న ముప్పై ఏళ్ల పనివాడు. ఆయన పోయిందన్నాడంటే పోయే ఉంటుంది. నన్ను మన్నించండి మేడమ్."

ఆచారం ప్రకారం మన్నింపు సీసా కూడా తనే తెచ్చింది; అందులోది తాగితే మన్నించినట్టు. సారా ఒక్క గ్లాసులోనే చేతులు మారింది. మేడమ్ తాగింది, నానా తాగాడు, గ్లాసు బాఫూర్ దగ్గరికి వచ్చింది. కడుపులో బాగాలేదంటే సరిపోయేది. తాగాడు. తాగి, కొత్త పెట్టె ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు.

"మనిషంటే అలా ఉండాలి," అని రేడియేటర్లు అతికే మెన్సా అతని భుజం తట్టాడు.

వెళ్తూ వెళ్తూ మేడమ్ ఒక మాట అంది. ఆమె తమ్ముడికి పద్నాలుగు మినీ బస్సులున్నాయి. వాటి సీట్లన్నీ కొనాడు చేత కుట్టిద్దామని ముందు అనుకున్నారు. "మన్నించానమ్మా. కానీ బస్సుల పని వేరే చోట చూసుకుంటాం. వచ్చే శుక్రవారం ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి." కొనాడు తలూపింది. ఆ మర్నాటి నుంచే బాఫూర్ దారి మార్చాడు.

మంగళవారం అక్రా నుంచి పాత బండిలోంచి తీసిన పెట్టె వచ్చింది. బిగించాడు. పంపు గుయ్‌మంది. భుజాల దగ్గర తిత్తులు ఉబ్బాయి. నడుము దగ్గర కదలిక లేదు. మేడమ్ మొదటి రోజు చెప్పిన జబ్బు అలాగే ఉంది. ఈసారి బల్బు తీయలేదు. సీటు వెనక తోలు విప్పి, సబ్బు నురుగు చేసి, గాలి గొట్టాల మీద బ్రష్షుతో పూశాడు. నడుము తిత్తిలోకి వెళ్లే గొట్టం అతుకు దగ్గర బుడగలు లేచాయి. వయసు మీద పడి, వేడికి ఎండి, గొట్టం తనంతట తనే చిట్లింది. కొనాడు వేసిన కుట్టు అక్కడికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది. వైర్లన్నీ ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య జార్చి చూశాడు. ఎక్కడా సూది గాటు లేదు. లేదని అతనికి ముందే తెలుసు. అయినా ఒక్కటైనా దొరికితే బాగుండునని వెతికాడు.

గొట్టం చివర గోరంత కోసి మళ్లీ ఎక్కించి క్లిప్పు వేశాడు. పావుగంట పని. మొదటి రోజే అయిపోవలసిన పని. బటన్ నొక్కి తనే కూర్చుని చూశాడు. తిత్తి నెమ్మదిగా ఉబ్బి నడుములోకి నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. ఎవరో వెనక నుంచి వేలితో పొడిచి అడుగుతున్నట్టే ఉంది. అది తనంతట తను ఆగేదాకా కూర్చోలేక లేచిపోయాడు.

బుధవారం పొద్దున చుట్టుదారిలో వచ్చినవాడు, తన షెడ్డు తాళం తీయకుండానే నానా ట్వుమాసి దగ్గరికి వెళ్లాడు.

"తప్పు నాది నానా. రెండూ నావే."

"ఏ రెండు?"

"గొట్టం దానికదే చిట్లింది. చూడాల్సింది చూడకుండా పెట్టెను నేను కాల్చాను. సూదని అబద్ధం చెప్పాను."

నానా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు."

"అయితే అలాగే ఉండనీ. ఆ అమ్మాయికి నేను వేరే పని చూపిస్తాను. నీ పేరు పోతే వీధి పేరు పోతుంది. లే, వెళ్లి బండి మేడమ్‌కి అప్పజెప్పు."

బాఫూర్ లేచాడు కూడా. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఆ సీసాలోది నేనూ తాగాను నానా."

"నేనూ తాగాను. మంచి సరుకే."

"మీరు తెలియక తాగారు."

నానా కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

తప్పు చేసినవాడు ఒంటరిగా వెళ్లి మన్నింపు అడగకూడదు. వెంట పెద్దమనిషి ఉండాలి, మాట అతనే కలపాలి. దారిలో సీసా కొన్నారు. కొనాడు మిషను ఆపి, వాళ్లకు స్టూళ్లు వేసి నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగి, వచ్చినవాళ్లను ఆచారం ప్రకారం అడగవలసినట్టే అడిగింది.

"ఇక్కడంతా చల్లగానే ఉంది. మీరొచ్చిన పని చెప్పండి."

నానా గొంతు సవరించుకున్నాడు. "పని ఒత్తిడిలో ఎంతటివాడికైనా ఒక్కోసారి..."

"నానా, ఆయన నోటికేమైంది? శుక్రవారం బాగానే పని చేసింది కదా."

బాఫూర్ చెప్పాడు. ఖాళీ గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. ఆమె మధ్యలో రెండే ప్రశ్నలు వేసింది.

"వాసన వచ్చిందా?"

"వచ్చింది."

"అప్పుడే తెలుసా నీకు?"

"అప్పుడే తెలుసు."

కొనాడు మిషను పక్కనున్న డబ్బాలోంచి సూది తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే స్కేలు ఉంది. "ఐదు రోజుల నుంచి దీన్ని కొలుస్తున్నానన్నా. ఇరవై ఏళ్లుగా కుడుతున్న సూది. ఫోము మందం కొలుస్తాను, మళ్లీ దీన్ని కొలుస్తాను. ఎంత కొలిచినా లోపలికి పోదు. అయినా నీ మాటే నిజమనుకున్నాను. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."

అతను సీసా ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇక్కడ కాదు. నాది ఎక్కడ తాగారో అక్కడే పెట్టు. తాగినవాళ్లంతా ఉండాలి. మేడమ్ కూడా ఉండాలి."

"రేపే పెడతాను."

"నానా మాట్లాడకూడదు. నువ్వే మాట్లాడాలి."

గురువారం పదింటికి బెంచీ నిండింది. బాఫూర్ నిలబడి అంతా చెప్పాడు. బల్బు సంగతి, వాసన సంగతి, తాగిన సంగతి. రెండుసార్లు మాట మధ్యలో ఆగాడు. అతను మళ్లీ మొదలుపెట్టేదాకా ఎవరూ సాయం రాలేదు. భుజం తట్టిన మెన్సా తన బూట్ల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. మీటరు పట్టుకు తిరిగే వాళ్లలో ఒకడు వెనక నుంచి, "ఇప్పుడు ఎవరికి జ్వరం మాస్టర్?" అన్నాడు. కొందరు నవ్వారు. నానా నవ్వొద్దనలేదు.

మేడమ్ వెళ్లి కారులో కూర్చుంది. తలుపు వేసుకుని బటన్ నొక్కింది. తిరిగొచ్చి బాఫూర్ ఎదురుగా నిలబడింది.

"నడుము దగ్గర బాగా నొక్కుతోంది. పనికి వంక పెట్టను. నా బండి మాత్రం ఇక నీ షెడ్డుకు రాదు."

"సరే మేడమ్."

ఆమె కొనాడు వైపు తిరిగింది. "నిన్ను మన్నించానన్నాను కదమ్మా. ఇప్పుడు నువ్వు నన్ను మన్నించాలి. మా తమ్ముడు రేపు పొద్దున కొలతలకు మొదటి బస్సు పంపుతాడు."

"పొద్దున కుదరదు, మధ్యాహ్నం పంపమనండి," అంది కొనాడు. "పొద్దున నాకు పనుంది."

ఆమె చేతిలో ఏ పనీ లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

అంతకు ముందు వారం బాఫూర్ షెడ్డుకు పదకొండు బళ్లు వచ్చాయి. ఆ తర్వాతి వారం మూడు వచ్చాయి.