అక్క నాలుక కింది పుల్లబిళ్ల

మొన్న మేడ్చల్‌లో మెడికల్ షాపు దగ్గర నిలబడి ఉంటే, నా ముందున్నావిడ నోరు ఎండిపోతోందని చెప్పి పుల్లటి సి విటమిన్ బిళ్లలు అడిగింది. షాపతను "డాక్టర్‌కు జూపెట్టుకున్నవా అమ్మా? గివి ఊకె సప్పరిస్తే పండ్లు ఖరాబైతయ్" అన్నాడు. ఆ ఒక్క మాట మా అక్కకు ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, నా మందులు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

శామీర్‌పేటలో మా వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది మా అక్కే. ఆమె ఒక చరణం అంటే, చుట్టూ తిరిగే మేమంతా చప్పట్లు కొడుతూ దాన్నే తిరిగి అనేవాళ్లం. పక్క వాడకట్టు వాళ్లు కూడా తమ బతుకమ్మలను తెచ్చి మా వాకిట్లోనే పెట్టేవారంటే మాకు ఎంత గర్వమో! అలాంటి అక్కకు నలభై దాటాక నోరు ఎండడం మొదలైంది. జొన్నరొట్టెను మజ్జిగలో నానబెడితే తప్ప మింగుడుపడేది కాదు, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండేది. వేడి చేసిందని అమ్మ తేల్చేసి సబ్జా గింజలు, ఎండు ఉసిరికాయ పెట్టింది. బావ, పాపం, పట్నం నుంచి ఆ పుల్లటి బిళ్లలు తెచ్చాడు. నాలుక కింద పెట్టుకుంటే కాస్త నీరూరేది కాబట్టి, "గిది ఉంటెనే నా పానం నిమ్మలంగుంటదే చెల్లె" అంటూ పొద్దస్తమానం చప్పరించేది. తడిలేని నోట్లో పులుపు పళ్లను తినేస్తుందని మాలో ఎవరికీ తెలియదు.

పళ్లు ఒక్కొక్కటే విరిగిపోయాక గానీ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి లాలాజలం ఊరే గ్రంథులను దెబ్బతీస్తోందని, బిళ్లలతో నయమయ్యే జబ్బు కాదని ఆయన చెప్పాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అక్క ఒంట్లో అదే జరిగింది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మనాడు కూడా అక్కే పాట ఎత్తుకుంది. రెండో చరణంలో నాలుక అంగిలికి అంటుకుపోయి మాట రాలేదు. నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆగిపోయింది. మేమంతా చప్పట్లు ఆపి ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాం గానీ, ఆమె ఉండగా ఆ పాట అందుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి అక్కే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీరు జెప్పుండ్రే, నేను మీ ఎన్క అంట" అంది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా వాడకట్టులో అపార్ట్‌మెంట్లు లేచాయి, బతుకమ్మకు డీజే పెడుతున్నారు, పాట ఎక్కడా ఆగకుండా అన్ని చరణాలూ వరసగా వచ్చేస్తాయి. నేనూ వెళ్లి నాలుగు చుట్లు తిరిగి వస్తాను. ఒక మనిషి గొంతు కోసం అంతమంది చప్పట్లు ఆపి నిలబడడం మాత్రం నేను మళ్లీ చూడలేదు.